కొంగల బడి

కంకిపాడు,
జూన్ మొదటి ఆదివారం.

నా బంగారుతల్లి లూర్దుకు,

అమ్మ ముద్దులతో రాస్తున్న ఉత్తరం. గుణదల మాత దయవల్ల ఇక్కడ నేనూ, నాయనమ్మా, నాన్నా ఒంట్లో బాగానే ఉన్నాం. అంత దూరాన ఆ కేరళ కొండల్లో నర్సింగు చదువుకుంటూ నువ్వు కూడా కులాసాగా ఉన్నావని, వేళకు తింటున్నావని నమ్ముకుని ఈ కాగితం ముందు పెట్టుకున్నాను.

నీ ఉత్తరం గురువారం అందింది. ఆదివారం హాస్టల్ ఫోనులో నీ వెనకాల పిల్లలు వరసలో నిలబడి ఉంటే నువ్వు "బాగున్నానమ్మా" తప్ప ఇంకో మాట అనలేవని నాకు తెలుసు. మనసులో ఉన్నది కాగితం మీద పెట్టావు, మంచి పని చేశావు. నాయనమ్మకు కూడా చదివి వినిపించాను. ఆఖరి పేరా మాత్రం వినిపించలేదు. దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను.

నాన్న నడుంనొప్పి తగ్గింది. కోతమిషను సీటు మీద మందపాటి మెత్త వేసుకుంటున్నారు. నల్గొండ వైపు కోతలు పూర్తిచేసుకుని మొన్ననే ఇల్లు చేరారు. నాయనమ్మకు కంటి ఆపరేషను చేయించాక చూపు ఎంత బాగుందంటే, నేను కుట్టిన జాకెట్లలో వంకర కుట్లు ఆవిడే ముందు పట్టుకుంటోంది. పెళ్ళిళ్ళ రోజులు కదా, నా కుట్టుమిషను ఆగడం లేదు. ఎండలు మాత్రం మండిపోతున్నాయి.

ఇక నీ అసలు ప్రశ్న. "నా తోట ఉందా, ఎండబెట్టేశావా?" అని అడిగావు. ఉంది తల్లీ, పచ్చగా ఉంది. నువ్వు నాటిన మందు మొక్కల పక్కన నాయనమ్మ పట్టుబట్టి నాతో ఆ నీలం పూల తీగ కూడా వేయించింది. కంప్యూటర్ ఆటలో నీ సేవ్, అదే నువ్వు ఆడుతూ ఆపిన కథ, ఎక్కడ వదిలి వెళ్ళావో అక్కడే ఉంది. తోట పని తప్ప అందులో ఇంకేదీ ముట్టుకోలేదు. నాకంటూ వేరేగా మొదలుపెట్టుకున్నాను. ఆ కథ నీకు ముక్కలు ముక్కలుగా ఫోనులో చెప్పానుగానీ మొత్తం ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ తీరిగ్గా చెబుతాను.

నువ్వు వెళ్ళేముందు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "అమ్మా, రోజూ కాసేపు హెరన్ హాల్‌లోకి వెళ్ళి నా మొక్కలకు నీళ్ళు పోస్తే చాలు. ఈ బటన్ నడవడానికి, ఈ బటన్ మాట్లాడటానికి. ఇంకేం నొక్కకు" అన్నావు. నీకు బెంగ తీరడానికి సరేనన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మిషను దగ్గర కూర్చోబోయేముందు ఆ ఆటలోకి వెళ్ళడం, నీళ్ళు పోసి వచ్చేయడం. సరస్సు మధ్యలో దీవి, దీవి మీద పాత రాతి బడి, గేటు మీద కొంగ బొమ్మ. నాయనమ్మ దానికి కొంగల బడి అని పేరు పెట్టింది. మాకిద్దరికీ అదే పేరు ఖాయమైంది.

ఒకరోజు నీళ్ళు పోసి వస్తుంటే ఆ బడిలో వాన మొదలైంది. పిల్లలు పరుగున వరండాలోకి వచ్చి తడిసిన కోట్లు మేకులకు తగిలించారు. కోట్ల కింద నేల మీద నీళ్ళు మడుగు కట్టాయి. ఒకమ్మాయి జారి పడబోయి, నిలదొక్కుకుని నవ్వింది. అది నా కోసం జరిగింది కాదు, కథకు దానితో పని కూడా లేదు. నేను అక్కడ లేకపోయినా ఆ పిల్ల అలాగే జారేది, అలాగే నవ్వేది. ఆ సంగతి తట్టాక నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. లోపలికి నడిచాను.

నీకు తెలిసిన బడే. అయినా నా కళ్ళకు ఎలా కనబడిందో చెప్పనీ. మెట్లు ఎక్కుతుంటే ఒక మెట్టు కిర్రుమంటుంది. పొద్దున్న తరగతి గదిలో పడ్డ ఎండ సాయంత్రానికి మెల్లగా లైబ్రరీ వైపు జరుగుతుంది. పరీక్షల రోజుల్లో గంట మోగాక వచ్చే సంగీతం కూడా నెమ్మదిస్తుంది, పిల్లలు చదువుకుంటున్నారని దానికి తెలిసినట్టు. వంటామె భోజనానికి రానివాళ్ళను గుర్తుపెట్టుకుని రొట్టె దాచి ఉంచుతుంది. సరస్సు అడుగున పాము ఉందని, అవతలి దీవిలో రాక్షసులున్నారని, కత్తులు పట్టుకుని వెళ్ళాలని ఆట చెబుతూనే ఉంటుంది. నాకు ఆ బడి దాటి వెళ్ళబుద్ధి కాలేదు. ఏ తలుపు తీసినా వెనకాల ఎవరో ఒకరు ఏదో ఒకటి నేర్చుకుంటూ ఉన్నారు. అంతకంటే చూడవలసింది బయట ఏముంటుంది?

మా అమ్మ పోయినప్పుడు నేను ఏడో తరగతి. తమ్ముళ్ళు చిన్నవాళ్ళు. బడి మానేసి పొయ్యి దగ్గర కూర్చున్నాను. కాలవ అవతల ఉన్న హైస్కూలు గంట మా ఇంటికి వినిపించేది. ఆ గంటను బట్టి ఎసరు పెట్టేదాన్ని, గంజి వార్చేదాన్ని. హైస్కూలు లోపల ఎలా ఉంటుందో అప్పుడు నాకు తెలియదు. నీ పేరెంట్స్ మీటింగులకు వచ్చినప్పుడు కూడా బెంచీ మీద కూర్చోకుండా గోడ పక్కన నిలబడేదాన్ని.

అందుకే కొత్త ఆట మొదలుపెట్టాను. పేరు అడిగితే ఒక్కొక్క అక్షరం వెతుక్కుని నా పేరే కొట్టాను. తెల్లవారుజామున మంచులో పడవ దీవికి చేరింది. తరగతి గదిలోకి వెళితే నా పేరు రాసిన బల్ల ఖాళీగా ఉంది. నేను కూర్చున్నాక, చేతికర్ర పట్టుకుని నడిచే లెక్కల టీచరు హాజరు తీసుకుంది. తెర మీద "స్టెల్లా?" అని వచ్చి ఆగిపోయింది. నేను బటన్ నొక్కితేగాని కథ కదలదు.

నాయనమ్మ పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆవిడకు ఇంగ్లీషు రాకపోయినా, అక్షరాలు ఆగాయంటే ఎవరో జవాబు చెప్పాలని అప్పటికే తెలుసు.

"ఏమే, నిన్నేగా పిలిచింది? పలకవేం?" అంది.

నొక్కాను. "ప్రెజెంట్, మిస్" అని వచ్చింది. నాకు కళ్ళు మసకబారాయి. నాయనమ్మ చూసింది. చిక్కుళ్ళ చాట నా వైపు నెట్టి, "క్లాసయ్యాక ఇయ్యి నువ్వు తియ్" అంది.

ఆ రోజునుంచి మేమిద్దరం ఆ బడికి వెళ్ళడం మానలేదు. తెర మీది ఇంగ్లీషు నేను కూడబలుక్కుని చదివేదాన్ని. అర్థంకాని మాట నీ పాత డిక్షనరీలో చూసి తెలుగులో ఆవిడకు చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా డిక్షనరీ తెరవడం తగ్గిపోయింది. అది నేను చాలా రోజులు గమనించనే లేదు. ఇరుగుపొరుగు సీరియళ్ళు చూసేవేళకు నాయనమ్మ నా కుర్చీ పక్కన పీట వేసుకునేది. "ఇయ్యాల కర్ర టీచరు ఏం చెప్పుద్దో" అనేది.

ఆ లెక్కల క్లాసుకు వెళ్ళక్కర్లేదని, పాయింట్లు రావని నువ్వు ఫోనులో చెప్పావు గుర్తుందా? నాయనమ్మ ఒప్పుకోలేదు. "కాలు బాగోపోయినా మెట్లెక్కి వస్తంది ఆ మనిషి. ఎదురుగా ఒక్కరు కూడా కూర్చోపోతే ఆమెకు ఎట్టా ఉంటది? నువ్వు పో" అంది. వెళ్ళాను. గంటస్తంభం నీడ ఇంత ఉంది, పక్కన పాతిన కర్ర నీడ ఇంత ఉంది, స్తంభం ఎత్తు ఎంతో చెప్పమంది. తోచింది చెప్పాను, తప్పు. ఇంకోటి చెప్పాను, అదీ తప్పు. బడిలోంచి పొమ్మంటుందేమో అనుకున్నాను. ఆవిడ కర్ర బల్లకు ఆనించి, "రేపు మళ్ళీ రా. నీ కుర్చీ ఎక్కడికీ పోదు" అంది.

ఎన్ని రేపులు వెళ్ళానో. చివరికి ఒకరోజు బట్ట కత్తిరించే బల్ల మీద మార్కింగ్ సుద్దతో స్తంభం, కర్ర, రెండు నీడలు గీసుకుని కూర్చున్నాను. పెద్దమనిషి కొలతను బట్టి చిన్నపిల్లకు జాకెట్ కత్తిరించడం లాంటిదే కదా అనిపించింది. అంతే, తాళం ఊడింది. అదే సమయానికి సంపూర్ణమ్మ టీచరుగారు జాకెట్లు తీసుకెళ్ళడానికి వచ్చారు. నీకు తెలుసుగా, రిటైరైన లెక్కల టీచరు, మన పాత ఖాతా. బల్ల మీద గీతలు చూసి ఆగిపోయారు.

"ఇవి సరూప త్రిభుజాలు కదమ్మా. ఎవరికి చెబుతున్నావు?"

"ఎవరికీ కాదండీ. ఆటలో అడిగారు."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు. "నువ్వే చేశావా?" అన్నారు. అవునండీ అన్నాను. ఇంకా ఏవేవో అడిగారు. ఆ మాటలు తర్వాత చెబుతాను.

చలికాలం పోయి ఆటలో వసంతం వచ్చింది. సరస్సులోని పాము పైకి వచ్చి, తోకతో కొట్టి, బడికి ఎగువన ఉన్న చెరువు గట్టు పగలగొట్టింది. నీళ్ళు బడి మీదికి వస్తున్నాయి. కింది అంతస్తులో వంటిల్లు మునిగింది. ఆ వరండాలో కోట్లు నీళ్ళలో తేలుతుంటే నిజంగా మన ఇల్లు మునిగినట్టే గుండె దడదడలాడింది. ఆ చెరువు నీళ్ళు సరస్సులోకి దిగే కాలవకు మూడు తలుపులు ఉన్నాయి, ఏది ముందు ఎత్తాలో మనమే తేల్చుకోవాలి. నేను బడికి దగ్గరగా ఉన్న మధ్యది ఎత్తాను. బడి మునిగిపోయింది. మళ్ళీ ఆడాను. మళ్ళీ మునిగింది.

మీ తాతయ్య లాకుల దగ్గర కాలవ తలుపులు ఎత్తి దించే లస్కరు పని చేశారు కదా. నాయనమ్మ కాపురమంతా కాలవ గట్టు మీదే. ఆవిడ కాసేపు చూసి పీట మీదనుంచి లేచింది.

"ఆ మజ్జలోది వదిలెయ్. అన్నిటికంటే కిందది ముందెత్తు. దిగువకి దారి లేకుండా పైనుంచి వదిలితే నీళ్ళు ఎటు పోతయ్యే?"

"కిందది ఎత్తడానికి వెళితే పాము మీద పడుతుంది అత్తయ్యా."

"పడనీ. మనోళ్ళు లేరా అక్కడ?"

నిజంగానే ఉన్నారు. ఏడాదంతా ఎవరెవరితో కూర్చుని చదువుకున్నానో, ఎవరి చీటీలు చేరవేశానో, వాళ్ళంతా గట్టు మీదికి వచ్చారు. వాన రోజు జారబోయిన పిల్ల ముందు నిలబడింది. కర్ర టీచరు మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి వచ్చి పాముకు అడ్డం నిలిచింది. నేను కిందిది ఎత్తాను, తర్వాత మధ్యది, ఆఖరున పైది. నీళ్ళు బుసకొట్టుకుంటూ దిగువకు పోయాయి. మెట్లు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. గంట మోగింది. నాయనమ్మ చప్పట్లు కొట్టిన చప్పుడుకు పక్కింటివాళ్ళు ఏమైందోనని తొంగిచూశారు. "బడి నిలబడింది" అని చెప్పింది ఆవిడ. వాళ్ళకేం అర్థమైందో తెలియదు. ఆ పూట ఇంట్లో పాయసం వండుకున్నాం.

ఇదంతా నీకు సంతోషంగా ఉంటుందనే రాశాను. ఇప్పుడు ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచిన మాట చెబుతాను.

ఆ రోజు సుద్దగీతలు చూశాక సంపూర్ణమ్మగారు, "నువ్వు చేసింది టెన్త్ లెక్క. ఓపెన్ స్కూల్లో ఎందుకు కట్టకూడదు?" అన్నారు. నవ్వేసి ఊరుకున్నాను. ఆవిడ ఊరుకోలేదు. మర్నాడు నాయనమ్మకు చెప్పారు. నాయనమ్మ ఆ సాయంత్రమే నా ఆధార్ కార్డు, పాత టీసీ పెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టింది. "ఉత్తుత్తి బడికి రోజూ పోతన్నావ్. ఉన్న బడికి పోటానికేం?" అంది. వెళ్ళి కట్టాను.

ఆదివారాలు లైనింగ్ గుడ్డ కోసం విజయవాడ గవర్నర్‌పేట వెళుతున్నానని నీకు చెప్పేదాన్ని. గుడ్డ కొన్న మాట నిజమే. ముందు క్లాసుకు వెళ్ళి, తర్వాత కొనేదాన్ని. నాన్నకు కూడా చెప్పలేదు. తప్పుతానేమోనని భయం. తప్పితే ఆ భారం నాతోనే ఉండిపోవాలి, మీ ఇద్దరి మొహాల మీద చూడలేను అనుకున్నాను. కోతలకు ఊళ్ళు పట్టుకుని తిరిగే నాన్నకు తెలిసే దారీ లేదు. సంపూర్ణమ్మగారు వారం మధ్యలో వచ్చి, నేను జాకెట్లకు హుక్కులు కుడుతుంటే పక్కన కూర్చుని పాఠం చెప్పేవారు. క్లాసులో నా పక్కన కూర్చునే పిల్ల నీకంటే చిన్నది. నన్ను మొదట ఆంటీ అనేది. సైన్సు బొమ్మలు తనకు నేను వేసి పెట్టడం మొదలయ్యాక అక్కా అంది.

లెక్కల పరీక్ష రోజు మాత్రం పేపరు అటూ ఇటూ తిప్పి చూశాను. నేను తయారుచేసుకున్న నీడల లెక్క రాలేదు. నీళ్ళ ట్యాంకుదీ, గొట్టాలదీ వచ్చింది. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడ్డాయి. లేచి వచ్చేద్దామనుకున్నాను. అప్పటికి ఎవరూ లేచి వెళ్ళలేదు, నేను ముందు లేస్తే అందరూ చూస్తారని సిగ్గేసి కూర్చున్నాను. ఆ సిగ్గే నన్ను కాపాడింది. కాసేపటికి ట్యాంకు ట్యాంకులా, గొట్టం గొట్టంలా కనబడ్డాయి. చేయగలిగింది చేశాను.

ఫలితాలు వచ్చిన రోజు నంబరు కొట్టింది సంపూర్ణమ్మగారు. ఆవిడ ఫోను నా చేతికి ఇచ్చి, "నువ్వే చదువుకో" అన్నారు. అన్నీ చదివాను తల్లీ. తెలుగు, ఇంగ్లీషు, సైన్సు, సోషలు, లెక్కలు. అన్నింటి ఎదురుగా పాస్. కింద కూడా పాస్. నాయనమ్మకు చదివి చెబితే, "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను.

నాన్నకు ఫోను చేశాను. పొలంలో ఉన్నారు, మిషను హోరు.

"ఏమైంది? అమ్మకి బాగోలేదా?" అన్నారు.

"అత్తయ్య బాగానే ఉంది. నేను పాసయ్యానండీ."

"ఏంటి పాసయ్యేది?"

"టెన్త్."

"ఉండు, మిషనాపుతా." హోరు ఆగింది. "ఇప్పుడు చెప్పు."

మొదటినుంచి చెప్పాను. అంతా అయ్యాక, "ఇక్కడ రైతు గట్టు మీద నిలబడి చూస్తన్నాడు, నేను నీకు మళ్ళీ ఫోన్ చేస్తా" అన్నారు. నాన్న మళ్ళీ చేసినప్పుడు ఆ రైతే ఫోను తీసుకుని, "మీ ఆయన మిషన్ దిగి మా కూలోళ్ళందరికీ చెప్తుండమ్మా, ఎకరం అట్లనే ఆగింది" అని నవ్వాడు.

ఇంకొకటి కూడా జరిగింది. మే నెల ఆఖరు రోజు, మరియమాత నెల ముగింపు పూజలో, కొత్తగా వచ్చిన ఫాదర్‌గారు ఈ ఏడాది టెన్త్ పాసైన పిల్లలందరినీ దీవెనకు ముందుకు రమ్మన్నారు. పిల్లలు లేచి వరసగా నిలబడ్డారు. నాయనమ్మ మోచేత్తో నన్ను పొడిచింది. నేను కదల్లేదు. "ఫాదర్ పిల్చింది పాసైనోళ్ళని. పదహారేళ్ళోళ్ళని అన్లేదు" అంది, చుట్టుపక్కల వినబడేట్టు. లేచాను. నాన్న కూడా వచ్చి ఉన్నారు ఆ రోజు, మగవాళ్ళ వైపు. ఆయన వైపు చూడకుండా వెళ్ళి వరస చివర నిలబడ్డాను.

ఫాదర్‌గారు ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి నా దాకా వచ్చారు. "ఏమ్మా, మీ పిల్ల రాలేదా? తన బదులు వచ్చావా?" అన్నారు మెల్లగా.

"లేదు ఫాదర్. పాసైంది నేనేనండీ."

ఆయన చెయ్యి గాలిలోనే ఆగింది. తర్వాత నా పేరు అడిగి, మైకు దగ్గరికి వెళ్ళి, "స్టెల్లా. టెన్త్ పాస్" అన్నారు. అంతే అన్నారు. మొదటి చప్పట్లు మగవాళ్ళ వైపునుంచి వచ్చాయి. ఎవరివో నేను తిరిగి చూడక్కర్లేకపోయింది. ఆ తర్వాత గుడి మొత్తం కొట్టింది. వరసలోని పిల్లలు కూడా నా వైపు తిరిగి కొట్టారు. గోడ పక్కన నిలబడే అలవాటున్నదాన్ని, అందరి మధ్యలో తలెత్తుకుని నిలబడ్డాను లూర్దూ.

ఇక నీ ఆఖరి పేరా. అనాటమీ పోయిందని రాశావు. ఇంగ్లీషులో చెప్పేది తలకెక్కడం లేదని, నీ వల్ల కాదని, నిన్ను చదివించడం దండగని, ఇంటికి వచ్చేస్తానని రాశావు. అదే మాట నువ్వు నిరుడు రాసి ఉంటే నేను ఏడ్చి, నాన్నను రైలెక్కించి ఉండేదాన్ని. ఇప్పుడు నేను రాసేది ఇది. నీకు అక్కడ ఎవరైనా కష్టం పెడుతుంటే, ఆ పనే నీకు ఇష్టం లేకపోతే, ఈ ఉత్తరం అందగానే బయల్దేరు. నాన్న విజయవాడ స్టేషనులో ఉంటారు. ఇంట్లో ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. ఒక్క పేపరు పోయినందుకు మాత్రం రావద్దు. ఆ పేపరు మళ్ళీ పెడతారు. మళ్ళీ రాయి. మళ్ళీ పోతే ఆ తర్వాత మాట్లాడుకుందాం. నీ చదువు దండగని నువ్వే తీర్పు చెప్పుకోకు, అది చెప్పే హక్కు మన ఇంట్లో ఎవరికీ లేదు.

పైగా నాకు నీతో పని పడింది. ఓపెన్ స్కూల్లో ఇంటర్‌కు కడుతున్నాను, బయాలజీ తీసుకుంటున్నాను. పుస్తకం తెరిచాను. ఎముకల పేర్లు చూసి కళ్ళు తిరిగాయి. ఇక్కడ నాకు చెప్పేవాళ్ళు లేరు. సంపూర్ణమ్మగారు లెక్కలు తప్ప ఇంకేదీ తనకు రాదన్నారు. అందుకని వచ్చే ఆదివారం ఫోను దొరకగానే, "బాగున్నానమ్మా" అనే మాట పక్కనపెట్టి, ముందు చేతి ఎముకలు చెప్పు. తెలుగులో చెప్పినా సరే, ఇంగ్లీషులో చెప్పినా సరే, నాకు అర్థమయ్యేదాకా చెప్పాలి. నేను మొద్దుదాన్ని, ఒకసారికి పట్టుకోలేను, విసుక్కోకూడదు. నీ వెనకాల వరసలో ఉన్న పిల్లలను కూడా వినమను.

నీ జవాబు కోసం, నీ పాఠం కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
స్టెల్లా, టెన్త్ పాస్.